మోకాలికి తరుగు లేదు

నవంబరు నాలుగో తేదీ తెల్లవారేసరికి రాంచందర్ చేతిలో ఉన్నవి ఇవి: పాలకుర్తి బస్టాండు వెనక వడ్లు, మక్కలు కొనే దుకాణం ఒకటి. రెండేళ్ల కింద కొన్న గేర్ల సైకిల్ ఒకటి. యాభై నాలుగేళ్ల వయసు. తొమ్మిదిన్నర నుంచి దిగి ఏడు దగ్గర నిలబడిన మూడు నెలల సగటు షుగరు. బామ్మర్దితో వేసుకున్న పందెం, దానికి తొంభై ఆరు రోజుల గడువు. మంచి మోకాళ్లు రెండు.

పొద్దున తొమ్మిది దాటేసరికి మోకాళ్ల లెక్కలో ఒకటి తగ్గింది.

పందెం సంగతి ముందు చెప్పుకోవాలి. దసరాకు భార్య పద్మలతతో కలిసి అత్తగారి ఊరు మహదేవపూర్ పోయినప్పుడు, భోజనాల దగ్గర రాంచందర్ నోరు జారాడు. జనగామ సైకిల్ జట్టువాళ్లు ఫిబ్రవరి రెండో ఆదివారం గోదావరి దాకా తొక్కుతున్నారనీ, తానూ పాలకుర్తిలో వాళ్లతో కలిసి ఒక్క రోజులో మహదేవపూర్ చేరతాననీ అన్నాడు. దగ్గర దగ్గర నూట డెబ్బై కిలోమీటర్లు. బామ్మర్ది ఎల్లేశ్ తింటున్న ముద్ద ఆపి నవ్వాడు.

"బావా, నువ్వు దుకాణంల గల్ల మీదికెల్లి లేసుడే గగనం. గంత దూరం సైకిల్ మీదనా? పొద్దు గూకకముందు మా వాకిట్ల సైకిల్ దిగు. పెండ్లిల మా బాపు నీ కాళ్లు కడిగిండు గదా, మళ్ల నేను కడుగుత. ఇత్తడి పళ్లెం పెట్టి మరీ కడుగుత."

"రాకపోతే?"

"సైకిల్ నాకిడిసిపెట్టి బస్సెక్కు."

"ఒప్పుకోకు బిడ్డా పద్మా" అంది అత్త ఉప్పలమ్మ, కూర వడ్డిస్తూ. "మీ ఆయన సంగతి నీకెర్క లేదా? పెండ్లయిన కొత్తల మామ వడ్లు కొని, మామకే బస్తాకు రెండు కిలోలు తరుగు తీసిండు."

అందరూ నవ్వారు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆ మాట పాతబడలేదు. దుమ్ము, తేమ, తాలు పేరు చెప్పి బస్తాకు ఇంత అని తూకంలో కోసేదే తరుగు. అది వ్యాపారంలో ఉన్నదే, ఇందులో నవ్వడానికేముందో రాంచందర్‌కు ఇప్పటికీ అర్థం కాదు.

పందెం సరదాకే. కానీ సైకిల్ సరదాకు కాదు. రాంచందర్ తండ్రి వీరస్వామి అదే దుకాణంలో అదే డబ్బుల గల్ల ముందు ముప్పై అయిదేళ్లు కూర్చున్నాడు. షుగరు ముదిరి, యాభై ఎనిమిదో ఏట కుడి కాలు మోకాలి కింద తీసేశారు. ఆ తర్వాత ఆరేళ్లు చంకలో కర్ర పెట్టుకుని అదే గల్ల ముందు కూర్చున్నాడు. రాంచందర్‌కు తన షుగరు తొమ్మిదిన్నర అని తెలిసిన రోజు తండ్రి వయసులోంచి తన వయసు తీసేసి చూసుకున్నాడు. ఆరేళ్లు మిగిలాయి. ఆ వారమే సైకిల్ కొన్నాడు.

ఇక నవంబరు నాలుగు. జఫర్‌గఢ్ దాటాక రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. వానాకాలం పంట చేతికొచ్చే రోజులవి. ఆ రోడ్ల మీద సైకిల్ తొక్కేవాడు ఎవడైనా వడ్లకు దూరంగా తొక్కుతాడు. రాంచందర్ మాత్రం దగ్గరగా తొక్కాడు. ముప్పై ఏళ్లుగా వడ్లు కనబడితే చెయ్యి ఊరుకోదు. ఎడమ చెయ్యి హాండిల్ మీద ఉంచి, కుడి పక్కకు ఒంగి, కుప్ప మీంచి గుప్పెడు వడ్లు ఎత్తుకున్నాడు. రెండు గింజలు పంటి కింద వేశాడు. గింజ టక్కున విరిగితే ఆరినట్టు, మెత్తగా నలిగితే పచ్చి ఉన్నట్టు.

గింజ నలిగింది. అదే క్షణంలో ముందు చక్రం వడ్ల మీదికి ఎక్కి, నూనె మీద జారినట్టు జారింది. సైకిల్ ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు. కుడి పాదం పెడల్‌లోనే ఇరుక్కుని, మోకాలు లోపలి పక్కకు మెలి తిరిగింది.

వడ్ల కాపలా ఉన్న ముసలవ్వ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏమయ్యా, కండ్లు దొబ్బినయా? వడ్లన్నీ మట్టిల కలిపితివి గదా!"

రాంచందర్ పడుకున్నచోటి నుంచే నోట్లో గింజ ఉమ్మి అన్నాడు. "అవ్వా, తేమ ఇరవై ఉంది. ఇంక రెండెండలు పడాలె. ఇప్పుడే కాంటా పెట్టకు."

అవ్వ కర్ర దించింది. "నువ్వు వడ్ల సేటువా? ముందుగాల చెప్పొద్దా. లే, లే." లేపబోతే తెలిసింది, ఆయన లేవలేడని.

జనగామలో ఎముకల డాక్టరు ఫొటోలు తీయించి చూశాడు. ఎముక విరగలేదు. మోకాలి లోపలి పక్క లిగమెంటు సగం చిరిగింది. ఎనిమిది వారాలు సైకిల్ ముట్టుకోవద్దన్నాడు, మోకాలికి పట్టీ వేశాడు.

ఇక్కడ రాంచందర్ చేసిన తప్పు ఇంకెవరూ చేయరు. ఆటోలో ఇంటికొస్తూ మనసులో లెక్క వేశాడు. ఎవరైనా ముందు చెప్పే ధర అసలు ధర కాదు. రైతు రెండు వందలు కలిపి చెబుతాడు, మిల్లువాడు మూడు వందలు తగ్గించి చెబుతాడు. డాక్టరు మాత్రం మనిషి కాడా? రోగి ఎలాగూ చెప్పినన్ని రోజులు ఆగడని ఆయనకూ తెలుసు, అందుకే ముందే కలిపి చెబుతాడు. ఎనిమిది వారాలంటే యాభై ఆరు రోజులు. అందులో దుమ్ము, తేమ, తాలు తీసేస్తే నికరంగా ఇరవై ఆరు.

సరిగ్గా ఇరవై ఆరో రోజు పొద్దున్నే, పద్మలత స్నానానికి పోయిన సమయం చూసి, పట్టీ విప్పి సైకిల్ ఎక్కాడు. మొదటి ఆరు కిలోమీటర్లు మోకాలు నోరెత్తలేదు. ఏడో కిలోమీటరులో మాట్లాడింది. వెనక్కి మక్కల ట్రాలీలో వచ్చాడు, సైకిల్ పక్కన, తను బస్తాల మీద.

మోకాలు మధ్యాహ్నానికి కొబ్బరికాయంత అయింది. పద్మలత మోకాలికి తడిగుడ్డ వేసింది. పక్క వీధి మెకానిక్‌ను పిలిపించి, సైకిల్ ముందు చక్రం విప్పించి, బియ్యం డబ్బా వెనక పెట్టి ఆ గదికి తాళం వేసింది. అప్పుడు అన్నది.

"మామకు తరుగు తీసినవు, ఊరందరికి తీసినవు. ఆఖరికి నీ కాలుకే తీసుకుంటివి. మానుకోటల ఒక పిల్ల ఉన్నదట, కబడ్డీ పోరగాండ్లకు కాళ్లు బాగుచేస్తదట. బుధవారం బస్సెక్కుతున్నం."

మానుకోట అంటే మహబూబాబాదే, ఆ చుట్టుపక్కల పాత పేరు. తొర్రూరు మీదుగా బస్సులో పోయారు. ఫిజియోథెరపీ చేసే ఆ పిల్ల పేరు రజని. ముప్పై లోపే ఉంటుంది. గదిలో రెండు బల్లలు, గోడకు రబ్బరు తాళ్లు, స్టాండు మీద కదలకుండా నిలబెట్టిన సైకిల్ ఒకటి. ప్లాస్టిక్ కోణమానితో మోకాలు ఎంత వంగుతుందో కొలిచింది. డెబ్బై డిగ్రీలు.

"ఎన్ని దినాలు ఆగుమన్నరు సేటు?"

"యాభై ఆరు."

"ఎన్ని ఆగినవు?"

"ఇరవై ఆరు" అన్నాడు రాంచందర్. పద్మలత కిటికీ వైపు చూసింది.

రజని కోపం చేయలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "సేటు, నీ దుకాణంకి ఇరవై రెండు తేమ వడ్లొస్తే బస్తాల కుట్టి అట్టి పెడుతవా?"

"ఎట్ల పెడుత బిడ్డా? లోపల కాగి మొలకొస్తది. పైకి మంచిగనే కనవడుతది, నడుమ బస్తా మురుగుతది."

"మరి ఏంజేస్తవు?"

"ఎండల పోయిస్త."

"రెండెండలు పడాల్సిన వడ్లకు, రైతు బతిమిలాడిండని ఒక్క ఎండకు ఒప్పుకుంటవా?"

రాంచందర్ తన మోకాలి వైపు చూసుకున్నాడు. ఆ పిల్ల ఎక్కడికి తీసుకుపోతోందో అర్థమైంది.

"నీ మోకాలు ఇంక పచ్చిగుంది సేటు. బస్తాల కుట్టి రోడ్డు మీదికి తెచ్చినవు. మళ్ల ఎండవోద్దాం. ఆరువై దినాలు రోడ్డు మీద సైకిల్ ముట్టద్దు."

"ఆరువైయా!" రాంచందర్ బల్ల మీద నుంచి సగం లేచాడు. ఆ రోజు డిసెంబరు మూడు. "నా పందెమే ఆరువై ఏడు దినాలల్ల ఉంది. ఇరవై అయిదు చెయ్యి."

"ఇరవై అయిదుకు కాదు."

"ముప్పై చెయ్యి బిడ్డా. నీ మాట కాదు, నా మాట కాదు."

పద్మలత తల పట్టుకుంది. రజని మాత్రం నవ్వి, కొక్కేనికి ఉన్న తువ్వాల తీసి ఆయన మోకాలి మీద కప్పింది. దాని కిందికి తన చెయ్యి పెట్టింది. "పట్టు సేటు."

రాంచందర్ బిత్తరపోయాడు. పశువుల అంగడిలో దళారులు చేసే బేరం అది. నలుగురికి ధర తెలియకుండా తువ్వాల కింద వేళ్లు పట్టి చెప్పుకుంటారు. "నీకు గిదెట్ల తెలుసు?"

"మా బాపు పేరు మంగ్యా. మానుకోట అంగడిల ముప్పై ఏండ్లు ఎడ్ల దళారి."

"మంగ్యా బిడ్డవా!" రాంచందర్ ముఖం విప్పారింది. బేరగాడికి బేరగాడు దొరికాడు. చెయ్యి పెట్టాడు. ఒక వేలు అంటే పది రోజులు. రజని ఐదు వేళ్లూ పట్టి, ఇంకొకటి నొక్కింది. ఆయన రెండు పట్టి, మూడోదాన్ని సగం నొక్కాడు. ఆమె ఐదు. ఆయన మూడు. కాసేపు తువ్వాల కదిలింది. పద్మలతకు తువ్వాల తప్ప ఏమీ కనబడలేదు. చివరకు నాలుగు వేళ్ల దగ్గర రెండు చేతులూ ఆగాయి.

"నలభై" అంది రజని, నష్టపోయిన దానిలా నిట్టూర్చి. "గట్టి మనిషివి సేటు."

"మీ బాపును అడిగినట్టు చెప్పు" అన్నాడు రాంచందర్. తిరుగు బస్సులో పద్మలతతో గొప్పగా చెప్పుకున్నాడు. "ఇరవై దినాలు కోసిన."

ఆ రోజు నుంచి ప్రతి బుధవారం మానుకోట. ప్రతిసారీ బేరమే. కాలు ఎన్నిసార్లు ఎత్తాలి? ఆమె నలభై అయిదు అంటుంది, ఆయన ఇరవై అంటాడు, ముప్పై దగ్గర తెగుతుంది. స్టాండు సైకిల్ ఎన్ని నిమిషాలు? ఆమె ముప్పై, ఆయన పది, తెగేది ఇరవై. బేరం చేసి తెచ్చుకున్నది కాబట్టి ఒక్కటి కూడా ఎగ్గొట్టేవాడు కాదు. ఒప్పుకున్న బేరం తప్పితే వ్యాపారస్తుడు ముఖం చూపించలేడు.

దుకాణంలో గల్ల ముందు కూర్చునే కాలు ఎత్తేవాడు. చీలమండకు పాత కండువాతో తూకం రాయి కట్టుకుని. మొదటి వారం కిలో రాయి. మూడో వారానికి రెండు కిలోలది. వడ్లు తెచ్చిన రైతులు గల్ల కిందికి ఒంగి చూసేవారు.

"ఏంది సేటు, కాలు తూకమేస్తున్నవా?"

"బాగైతాందో లేదో చూస్తున్న."

"రాయి సరిగ్గ తూగుతదా? నీ కాలుకన్న తరుగు తియ్యకు."

దుకాణమంతా నవ్వేది. రాంచందర్ కూడా నవ్వి, లెక్క మరిచిపోయి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. మోకాలు డెబ్బై నుంచి తొంభైకి, తొంభై నుంచి నూట పదికి వంగింది. మహదేవపూర్ నుంచి ఎల్లేశ్ ఫోన్లు ఆగలేదు. "బావా, ఇత్తడి పళ్లెం తోమి పెట్టిన. గీడికి తెచ్చేటప్పుడు సైకిల్‌కు గాలి కొట్టించు, నేను తొక్కాలె గదా."

అన్నీ అనుకున్నట్టే పోతున్నాయనుకున్న సమయంలో క్రిస్మస్ ముందు మూడు నెలల షుగరు పరీక్ష వచ్చింది. ఎనిమిదికి ఎక్కింది. రెండేళ్లు తొక్కి దింపిన అంకె ఏడు వారాల్లో వెనక్కి లేచింది. ఆ కాగితం ఆయన పద్మలతకు చూపించలేదు. జేబులో మడిచి పెట్టుకుని గల్ల ముందు కూర్చున్నాడు. తండ్రి చంకకర్ర ఆనించి పెట్టిన చోట గోడకు ఇంకా మరక ఉంది. ఆ రోజు కాలు ముప్పైకి బదులు నలభైసార్లు ఎత్తాడు. సాయంత్రానికి మోకాలు వెచ్చబడితే, తరుగు తీయడమే కాదు, ఎక్కువ తూకం వేయడమూ తప్పేనని తెలిసొచ్చింది.

జనవరి ఏడున మానుకోటలో ఇంకొక సంగతి జరిగింది. రజని ఫోను మాట్లాడ్డానికి బయటికి పోయింది. బల్ల మీద ఇంకొకరి కాగితం ఉంది. కబడ్డీ ఆడే ప్రశాంత్ అనే పిల్లవాడిది. పక్క బల్ల మీద చాలాసార్లు చూశాడు వాడిని. అదే కుడి మోకాలు, అదే లోపలి లిగమెంటు. కాగితంలో రాసి ఉంది: రోడ్డు మీదికి పోకుండా నలభై రోజులు. కాలు ఎత్తడం ముప్పై. సైకిల్ ఇరవై నిమిషాలు.

ప్రశాంత్ బేరం చేసే మనిషి కాదు. చెప్పింది చెప్పినట్టు చేసి, నమస్తే పెట్టి పోతాడు.

రాంచందర్ కాగితం ఎక్కడిదక్కడ పెట్టాడు. అయిదు వారాలుగా తను కోసిందంతా, ఆమె ముందే కలిపి పెట్టిందే. తనకు అమ్మింది అసలు ధరకే. ముప్పై ఏళ్లలో ఇంత సాఫుగా ఎవరూ తనను మోసం చేయలేదు. కోపం రావాలి, రాలేదు. మంచి కాడెద్దులను చూసినట్టు తలుపు వైపు చూశాడు.

రజని లోపలికొచ్చింది. "సేటు, ఇయ్యాల్టి నుంచి సైకిల్ నలభై నిమిషాలు."

"నలభైయా! పదిహేను చెయ్యి" అన్నాడు రాంచందర్, ఎప్పటికంటే పెద్ద గొంతుతో. చివరకు ఎక్కడ ఆగుతుందో అదే సరైన అంకె అని తెలిశాక బేరం ఇంకా రుచిగా ఉంది.

జనవరి పన్నెండున పద్మలత బియ్యం డబ్బా వెనక నుంచి చక్రం బయటికి తీసింది. మొదటి వారం పది కిలోమీటర్లు. తర్వాత పాలకుర్తి నుంచి జనగామ, అటూ ఇటూ. నెలాఖరుకు ఎనభై. మోకాలు మౌనంగా ఉంది.

ఫిబ్రవరి నాలుగున చివరిసారి పోయినప్పుడు రజని తువ్వాల తీయలేదు.

"సేటు, ఇనుకో. ఇరవై కిలోమీటర్లకోపారి పది నిమిషాలు దిగాలె. దారిల లోపలి పక్కకు నొప్పి మొదలైందనుకో, ఎక్కడుంటె అక్కడ్నే దిగి అరగంట కూసోవాలె. మంచు పెట్టాలె. అటెన్క సిన్న గేరుల మెల్లగ తొక్కాలె. గిది ఒకటే ధర. నేను ఏం కలుపలే. నువ్వు ఏం తియ్యొద్దు."

"అంటే ఇన్ని దినాలు కలిపినవా?"

"నువ్వు తియ్యలేదా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. రజని పద్మలత వైపు తిరిగింది. "అక్కా, మా బాపు ఒక్కటే నేర్పిండు. ధర చెప్పేముందు అవుతలి మనిషి ఎంత కోస్తడో చూడుమని."

ఆదివారం పొద్దున అయిదు గంటలకు జనగామ జట్టు ఆరుగురు పాలకుర్తి చేరారు. వాళ్లకు పెద్ద సురేష్, బడి పంతులు. రాంచందర్ ఏడోవాడు. పద్మలత ముందురోజే బస్సులో పుట్టింటికి పోయింది. పోతూ, పందెం పోతే తిరుగు ప్రయాణానికి ఇద్దరికీ బస్సు చార్జీ తెస్తున్నానని చెప్పి మరీ పోయింది.

జఫర్‌గఢ్ దగ్గర తెల్లవారింది. రోడ్డు పక్క పళ్లు తోముకుంటున్న ముసలవ్వ పోల్చుకుంది. "ఓ సేటూ! వడ్లు లేవు, నిమ్మలంగ పో!"

"ఈపారి యాసంగి వడ్లు ఎండవోసి తే!" అని అరిచాడు, రెండు చేతులూ హాండిల్ మీదే ఉంచి.

వరంగల్ ఎనిమిదింపావుకు దాటారు. పరకాలలో పదకొండు. ఇరవై కిలోమీటర్లకోసారి దిగి గడియారం చూసి పది నిమిషాలు నిలబడ్డాడు. జట్టువాళ్లు ముందుకు పోయినా సురేష్ మాత్రం వెనక ఉన్నాడు. భూపాలపల్లిలో ఒంటిగంటకు రొట్టెలు తిన్నారు. బొగ్గు లారీల దుమ్ముతో ముఖాలు గుర్తుపట్టేలా లేవు. నూట ఇరవై కిలోమీటర్లు లెక్కలోకి వచ్చేశాయి. కాటారం నాలుగు గంటలకు. అక్కడి నుంచి రెండు పక్కలా అడవి. రోడ్డు నున్నగా ఉంది, గాలి వెనక నుంచి వీస్తోంది.

నాలుగూ యాభైకి, ఇంకా పద్నాలుగు కిలోమీటర్లు ఉందనగా, మోకాలు లోపలి పక్క సూదితో పొడిచినట్టయింది.

రాంచందర్ పది తొక్కులు చూశాడు. పదకొండో తొక్కుకు మళ్లీ పొడిచింది. పొద్దు గూకేది ఆరూ పద్నాలుగుకు. ఆ అంకె నెల కింద నుంచీ కంఠతా ఉంది. ఆగకుండా పోతే ఆరులోపే ఎల్లేశ్ వాకిలి. అరగంట ఆగి, ఆ తర్వాత చిన్న గేరులో పోతే ఆరున్నర. పందెం పోతుంది. పది నిమిషాలు ఆగితే? పదిహేను?

ఫోను మోగింది. ఎల్లేశ్. "బావా, ఏడున్నవు? చెంబుల నీళ్లు సల్లవడుతున్నయ్. వాకిట్ల ఇరవై మంది కూసున్నరు. ఛాయ్‌లకే నాకు బొక్క వడుతాంది."

"వస్తున్న" అని పెట్టేశాడు రాంచందర్.

"రాంచందరన్నా, పద్నాలుగే గదా, మెల్లగ లాగుదామా?" అన్నాడు సురేష్.

రాంచందర్‌కు అప్పుడు తండ్రి గుర్తొచ్చాడు. కాలు తీసేయడానికి ముందు ఏం జరిగిందో ఇన్నేళ్లలో తను ఎవరికీ చెప్పలేదు. చెప్పు కరిచి బొటనవేలి పక్క చిన్న పుండు పడింది. దవాఖానలో పదిహేను రోజులు రోజూ కట్టు మార్పించుకోమన్నారు. వీరస్వామి నవ్వాడు. "పదిహేనంటే అయిదు. మిగిలింది డాక్టర్ల బేరం" అన్నాడు. అయిదు రోజులకు కట్టు విప్పేశాడు. పైకి మానింది. నడుమ మురిగింది. లెక్క తనకు నేర్పిన మనిషి ఆయనే.

రాంచందర్ సైకిల్ దిగాడు. రోడ్డు పక్క మైలు రాయి మీద కూర్చుని, కాటారంలో కొన్న మంచు గడ్డల మూట సురేష్ సంచిలోంచి తీసి మోకాలికి కట్టాడు. ఫోనులో అరగంటకు అలారం పెట్టాడు.

"ఇరవై నిమిషాలు చాలదా అన్నా?"

"ఒకటే ధర తమ్మీ."

ఇరవై నిమిషాలకు నొప్పి పోయింది. ఆయన లేవలేదు. ఇరవై అయిదుకు సురేష్ లేచి నిలబడ్డాడు. ఆయన లేవలేదు. ఇరవై తొమ్మిదికి ఒక కోతిమూక రోడ్డు దాటింది, అదీ చూస్తూ కూర్చున్నాడు. ఫోను మోగాకే లేచాడు. మిగిలిన పద్నాలుగు కిలోమీటర్లు చిన్న గేరులో, అడవిలో వెలుతురు ఎర్రగా మారుతుంటే, మెల్లగా తొక్కాడు. మోకాలు మళ్లీ మాట్లాడలేదు.

మహదేవపూర్‌లో ఎల్లేశ్ వాకిట్లో సైకిల్ దిగేసరికి ఆరూ ముప్పై ఒకటి. లైట్లు వేశారు. జనం చప్పట్లు కొట్టారు. పద్మలత గడప మీద నిలబడి ముందు ఆయన మోకాలు చూసింది, తర్వాత ముఖం చూసింది.

ఎల్లేశ్ పడమర చేయి చూపించాడు. "బావా, పొద్దు గూకి పదిహేడు నిమిషాలు. సైకిల్ మంచిగనే ఉంది. తాళంచెవి ఏది?"

రాంచందర్ బేరం చేయలేదు. జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. అది చూసి ఎల్లేశే కంగారుపడ్డాడు. తన బావ బేరం లేకుండా ఒక వస్తువు ఇవ్వడం అతను ఎన్నడూ చూడలేదు.

"ఆగుండ్రి" అంది ఉప్పలమ్మ. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, గోడ పట్టుకుని మెట్టు దిగింది. "ఎన్ని గంటలు తొక్కినవు అల్లుడా?"

"పదమూడున్నర అత్తమ్మా."

"మామకు బస్తాకెంత తీసినవు?"

"రెండు కిలోలు" అన్నాడు రాంచందర్. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ మాట చెప్పడానికి సిగ్గు వేసింది.

"పదమూడున్నర గంటలకు పదిహేడు నిమిషాలు తీస్తె ఎక్కువేం గాదు. దుమ్ముకు కొంత, ఎండకు కొంత. నేను తరుగు తీసేసిన. పొద్దు గూకకముందే వచ్చిండు. ఎల్లిగా, పళ్లెం తే."

వాకిలంతా గొల్లుమంది. ఎల్లేశ్ తల గోక్కున్నాడు, నవ్వాడు, లోపలికి పోయి ఇత్తడి పళ్లెం తెచ్చాడు. రాంచందర్‌ను పీట మీద కూర్చోబెట్టారు. పద్మలత చెంబుతో నీళ్లు వంచింది. బొగ్గు దుమ్ము, అడవి దుమ్ము కరిగి పళ్లెంలో నీళ్లు నల్లబడ్డాయి. ఎల్లేశ్ ముందు ఎడమ పాదం కడిగాడు, తర్వాత కుడి పాదం. వేళ్ల సందుల్లో కూడా రుద్దాడు, పెళ్లిలో వాళ్ల నాన్న రుద్దినట్టే.

"ఏం చూస్తున్నవు బావా? సరిగ్గ కడుగుతున్ననా?"

"లెక్క చూసుకుంటున్న" అన్నాడు రాంచందర్.

ఆ లెక్క ఇంటికి వచ్చాక కూడా మారలేదు. నెలాఖరుకు షుగరు మళ్లీ ఏడున్నరకు దిగింది, కాగితం ఈసారి పద్మలత చేతికే ఇచ్చాడు. దుకాణంలో తరుగు తీయడం మానలేదు, అది వ్యాపారం. కానీ దవాఖాన వాళ్లు చెప్పిన దాంట్లో మాత్రం ఇక గింజ కూడా తీయలేదు. జీవితంలో ఒకసారి నిండా మోసపోయాడు, మంగ్యా బిడ్డ చేతిలో, అందులో లాభమే వచ్చింది. తరుగు తీసే మనిషికి ఒకసారి తరుగు దొరికింది, పదిహేడు నిమిషాలు, అత్త చేతుల మీదుగా. సైకిల్ ఆయన దగ్గరే మిగిలింది.

అన్నిటికంటే కింద రాసుకోవాల్సింది ఆ సాయంత్రం పీట మీదే తేలిపోయింది. యాభై నాలుగేళ్ల వయసులో, వీరస్వామి కొడుకుకు, ఇత్తడి పళ్లెంలో తడిసి, ఎర్రబడి, బామ్మర్ది భుజం మీది తువ్వాలతో తుడిపించుకుంటున్న కాళ్లు: రెండు.